మ్యాప్‌లో 700 మీటర్లు, నడిస్తే 950: గ్రీన్ రేటింగ్ మాట తప్పినట్టేనా?

ప్రశ్న: మేం కడుతున్న ఆఫీసు భవనానికి లీడ్ (LEED, పర్యావరణానికి మేలు చేసే భవనాలకు పాయింట్లు లెక్కగట్టి ఇచ్చే గ్రీన్ రేటింగ్) గోల్డ్ స్థాయి తెస్తామని, అద్దెకు దిగబోయే కంపెనీకి అగ్రిమెంటులో రాసిచ్చాం. మెట్రో స్టేషన్ మ్యాప్‌లో 700 మీటర్లే. తీరా నడిచి కొలిస్తే 950 వచ్చింది. ఇంకాస్త దగ్గర్లో మరో స్టేషన్ వస్తుందంటున్నారు. ప్రజా రవాణా పాయింట్లు పోతే కంపెనీ మా మీద కేసు వేయొచ్చా?

జవాబు: టెన్షన్ పడేముందు అగ్రిమెంటు తీసి చూడండి. గోల్డ్ తెస్తామని రాయడం వేరు, రవాణా పాయింట్లు తెస్తామని రాయడం వేరు. గోల్డ్‌కు కనీసం 60 పాయింట్లు కావాలి. లీడ్ నాలుగో వెర్షన్‌లో రవాణా సౌకర్యానికి వచ్చేవి, మీరు దరఖాస్తు చేసిన విభాగాన్ని బట్టి, మహా అయితే 5 లేదా 6. అవి పోయినా మొత్తం 60కి తగ్గకపోతే మాట తప్పినట్టు కాదు. తగ్గితే మాత్రం ఇబ్బందే. "ప్రయత్నిస్తాం" అని కాక "తెస్తాం" అని రాశారు కాబట్టి, స్టేషన్ దూరమైందన్న సాకు సాధారణంగా నిలవదు. సంతకం పెట్టిన రోజునా అది అంతే దూరంలో ఉంది కదా!

ఇక దూరం సంగతి. రవాణా పాయింట్లకు లెక్కలోకి రావాలంటే మెట్రో 800 మీటర్లలోపు, మామూలు బస్టాపు 400లోపు ఉండాలి. గీత గీసి కొలిచే దూరం కాదు, భవనం గుమ్మం నుంచి మనిషి నడిచే దూరం. ఇలాంటి కేసుల్లో అడ్డం వచ్చేది చాలాసార్లు పక్కవారి ప్రహరీ గోడే. మీ సంగతీ అదే అయి, అక్కడ గేటు పెడితే 150 మీటర్లు తగ్గేలా ఉంటే, "ఆయన సరేనన్నాడండీ" అని ఊరుకోవద్దు. నోటిమాట అనుమతిని రేపు వెనక్కి తీసుకోవచ్చు, స్థలం అమ్మితే కొన్నవాళ్లు గేటుకు తాళం వేయొచ్చు. దారి హక్కు, అంటే ఈజ్‌మెంట్, రాయించుకుని రిజిస్టర్ చేయించండి. నా దృష్టిలో మీ సమస్యకు అన్నిటికన్నా గట్టి దారి ఇదే.

రాబోయే స్టేషన్‌ను నమ్ముకోవాలంటే, మీ భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అందులోకి దిగొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) వచ్చే నాటికి దాని స్థలం ఖరారై, నిధులు వచ్చి, పనులు నడుస్తుండాలి. ఆ తేదీ నుంచి 24 నెలల్లో పూర్తవ్వాలి. "వస్తుందంటున్నారు" అంటే చెల్లదు.

బస్సులూ చూడండి. కనీసం ఒక్క పాయింటు రావాలన్నా పనిదినాల్లో రోజుకు 72, వారాంతంలో రోజుకు 40 ట్రిప్పులుండాలి. రెండూ కుదరాలి. ఒక రూటుకు ఒక దిశలో వెళ్లేవే లెక్క, అదీ ఒక్క స్టాపు నుంచే.

స్కోరు లెక్క తేలేదాకా కంపెనీకి "పాయింట్లు రావు" అని మెయిల్ పెట్టొద్దు, రేపు అదే మీ మీద సాక్ష్యమవుతుంది. 60 రాదని తేలితే మాత్రం దాచకండి. రేటింగ్ గడువు, పరిహారం మీద పరిమితి మారుస్తూ సవరణ ఒప్పందం ముసాయిదా వాళ్లకు పంపండి. అప్పుడు కోర్టుదాకా వెళ్లే అవసరం చాలావరకు తగ్గుతుంది.