మీరడిగారు: రెండు పేజీలకే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది

ప్రశ్న: కాలేజీ రోజుల్లో నవల మొదలుపెడితే పూర్తయ్యేదాకా వదిలేదాన్ని కాదు. ఇప్పుడు రెండు పేజీలు తిప్పేసరికి చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. చదివే శక్తే పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: శక్తి ఎక్కడికీ పోలేదండీ, అలవాటు తప్పింది, అంతే. మాటలు వచ్చినంత సహజంగా చదవడం ఎవరికీ రాదు. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది కాబట్టి చదవడం కోసమంటూ మెదడులో పుట్టుకతో వచ్చే భాగం ఏదీ లేదు, చూసినవాటిని గుర్తుపట్టే భాగంలోనే కొంత చోటును సాధన చేసి చేసి అక్షరాలకు అలవాటు చేసుకుంటాం. సాధనతో వచ్చింది సాధన తగ్గితే మొద్దుబారుతుంది, మళ్లీ మొదలుపెడితే తిరిగొస్తుంది.

నవల మొదటి ఇరవై పేజీలు ఎవరికైనా కాస్త కష్టమే. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు, రచయిత వాక్యం నడక కొత్తగా ఉంటుంది, రెండో పేజీలో వచ్చిన మనిషి పదో పేజీలో మళ్లీ కనిపిస్తే ‘ఈయనెవరబ్బా’ అని వెనక్కి తిప్పాల్సి వస్తుంది. ఫోన్‌లో వీడియో మొదటి సెకన్లోనే మనల్ని పట్టేసుకోవాలని చూస్తుంది, పుస్తకానికి ఆ తొందర లేదు. అందుకే ఆ ఇరవై పేజీలూ ఒకే విడతలో దాటేయండి. రోజుకు రెండు పేజీల చొప్పున చదివితే ఎన్నాళ్లైనా గడప దగ్గరే ఉండిపోతారు. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, పక్క గదిలో పెట్టండి.

చదివిన లైనే మళ్లీ చదువుతున్నానని బెంగపడకండి. మన కళ్లు లైను వెంట సాఫీగా జారవు, చిన్న చిన్న గంతులు వేస్తూ ఒక్కోచోట దాదాపు పావు సెకను ఆగుతాయి, బాగా చదివేవాళ్ల కళ్లు కూడా మధ్యమధ్యలో వెనక్కి వెళ్లి వస్తాయి. ఒక మంచి వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదువుకోవడంలో ఉన్న సుఖం వేగంలో లేదు. ఇక యాభై పేజీలైనా ఎక్కకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకోటి తీయండి, పూర్తిచేసి తీరాలన్న రూలేం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఎప్పుడు చూసినా కథల పుస్తకమే. ఆ టైమ్ పాఠాలకు పెడితే మార్కులైనా వస్తాయి కదా?

జవాబు: దయచేసి ఆ పుస్తకం లాక్కోకండి. 1988లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, చదువుకున్న పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడుకునే మాటల్లో కంటే పిల్లల పుస్తకాల్లోనే అరుదైన పదాలు ఎక్కువగా కనిపించాయి. ఆ పదాలు మీవాడికి పాఠాల్లోనూ పనికొస్తాయి. నాకు దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. కథలో ఒక తల్లి కొడుకు రాసిన ఉత్తరం చదివి, మడిచి, ‘బాగానే ఉన్నాడట’ అంటుంది. కొడుకు ఉద్యోగం పోయిన సంగతి ఉత్తరంలో ఉందని చదివేవాడికి తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆమె ఎందుకు దాచింది, ఎవరి కోసం దాచింది అని మీవాడు తనంతట తాను ఆలోచిస్తాడు, ఎవరూ విడమరిచి చెప్పరు. ఎదుటి మనిషి మనసు పట్టుకోవడం నేర్పే పాఠం సిలబస్‌లో ఎక్కడుంది చెప్పండి! పరీక్షలప్పుడు టైమ్ సర్దుకోమనండి, అది న్యాయమే.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, ఏమీ తోచక విసుక్కుంటున్నారు. పుస్తకాలు చదివితే ఎక్కువ కాలం బతుకుతారట, నిజమేనా?

జవాబు: 2016లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, 50 ఏళ్లు దాటిన 3,635 మంది వివరాలు పరిశీలించారు. 12 ఏళ్ల వ్యవధిలో, పుస్తకాలు చదవనివాళ్లతో పోలిస్తే చదివేవాళ్లకు చనిపోయే ముప్పు 20 శాతం తక్కువగా కనిపించింది. చదువు, ఆదాయం, ఆరోగ్యం లాంటివి లెక్కలోకి తీసుకున్నా, ఆయుష్షు పెంచింది పుస్తకమేనని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం. నాన్నగారికి పొద్దు హాయిగా గడవడం అన్న ఒక్క కారణం చాలదా? ముందు కళ్లు పరీక్ష చేయించండి, చాలామంది పెద్దవాళ్లు చూపు ఆనక చదవడం మానేసి ఆసక్తి లేదంటుంటారు. ఈ-రీడర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఇష్టపడిన రచయిత ఎవరో అడిగి ఆ పుస్తకంతోనే మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు మీరే పైకి చదివి వినిపించి, కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం ఆయన చేతిలో పెట్టేయండి.