బోరా, కారా అంటే నేను కారే అంటాను

అడిగిన తమ్ముడి పరిస్థితి ఇదీ: డిప్లొమా అయిపోయింది, తోటలోనే కాపురం, ఉద్యోగం కోసం వెతుకులాట నడుస్తోంది. శనక్కాయలు అమ్మగా లక్షకు కాస్త పైన చేతిలో మిగిలింది. నాయన ఇంకో బోరు వేద్దామంటున్నాడు, ఇతను పాత కారు కొందామంటున్నాడు. ఉద్యోగం లేకముందే కారు కొంటే ఊళ్లో నవ్వరా అని ప్రశ్న.

నవ్వుతారు. నవ్వనీ. కొనెయ్.

మాదీ సీమే తమ్ముడూ. చెన్నేకొత్తపల్లి దగ్గర, ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు, ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. మా నాయన కూడా బోర్ల మనిషే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, అది నిటారుగా లేచిన చోట పాయింట్ పెట్టే పెద్దమనిషి ఒకాయన మా ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. నీళ్లు పడినా, పడకపోయినా ఆయన ఫీజు ఆయనకు ముట్టాల్సిందే. బోరు లారీ వచ్చి రాత్రంతా దడదడలాడించి, తెల్లారేసరికి రాతిపొడి కుప్ప పోసి వెళ్లిపోయేది. వెయ్యి అడుగులు దింపితే కేసింగ్ పైపుతో కలిపి లక్ష దాటుతుంది. కారు పాడైపోతే తుక్కు కిందైనా అమ్ముకోవచ్చు. ఎండిపోయిన బోరును ఎవడు కొంటాడు?

బైక్ చాలదా అని సలహా ఇచ్చేవాళ్లంతా తారురోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లే. మా తోట నుంచి రోడ్డుకు మట్టిబాట, మధ్యలో దాటాల్సిన వాగు ఒకటి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి బయల్దేరితే హైవే ఎక్కేసరికి చొక్కాకు ఎర్రమన్ను రంగు వచ్చేస్తుంది. వానొస్తే ఫైల్లో సర్టిఫికెట్లు కూడా తడుస్తాయి. ఇక జాతీయ రహదారి 44 మీద తెల్లవారుజామున లారీల మధ్య బైక్ మీద పోతున్నామంటే, మనం తిరిగొచ్చేదాకా ఇంట్లో అమ్మకు టెన్షనే.

మా వైపు ఉద్యోగాలంటే ఇప్పుడు పెనుకొండ వైపే. 2017లో కియా కార్ల కంపెనీతో రాష్ట్రానికి ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో వాళ్ల సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షలకు పైగా కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అదే 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం చట్టం చేసింది. చాలా సంతోషం. మరి ఆ స్థానికుడు పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గరికి ఎట్లా చేరాలో ఎవరైనా ఆలోచించారా? పొద్దుటి ‘ఎ’ షిఫ్టు ఆరింటికే మొదలవుతుంది. మా దారిలో మొదటి బస్సు వచ్చేది ఏడు దాటాకే. కంపెనీ బస్సులు హైవే మీదే ఆగుతాయి, తోటల్లోకి రావు. రాత్రి డ్యూటీ, అంటే ‘సి’ షిఫ్టయితే రాత్రి పదికి లోపల ఉండాలి, ఆ వేళకు మా బాటలో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. అందుకే ఇంటర్వ్యూల్లో మార్కుల కంటే ముందు అడిగేది ‘ఎక్కడుంటావు, ఎట్లా వస్తావు’ అనే.

నా సంగతి చెప్తాను. 2016లో మెకానికల్ డిప్లొమా పూర్తయింది. ఆ ఏడే నాయనకు నడుము ఆపరేషన్ కావడంతో తోట నా మీద పడింది. చీనీ (బత్తాయి) చెట్లు కొంత, మిగతాది శనక్కాయ. 2020లో ధర్మవరంలో 2008 మోడల్ ఆల్టో కొన్నాం, 95 వేలకు, రూపాయి అప్పు లేకుండా. మరుసటి ఏడు శనక్కాయ పీకుతున్న రోజుల్లో పెనుకొండ దగ్గర ఒక విడిభాగాల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, మర్నాడు పొద్దున తొమ్మిదికి రమ్మని. మా తోటలో సిగ్నల్ దొరికేది నీళ్లతొట్టి గట్టు మీదే కాబట్టి ఆ ఫోన్ నాకు అందడమే గొప్ప.

పొద్దున్నే బండి తీస్తే స్టార్ట్ అయింది గానీ లాగడం లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఊపిరాడనట్టు గురగురమంటోంది. బోనెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విప్పి, మూత తీశాను. లోపల సగం దాకా శనక్కాయలు! కళ్లంలో మేము ఆరబోసినవే. తిని పారేసిన పొట్టు ఒక మూల, తర్వాతకు దాచుకున్న నిండు కాయలు ఇంకో మూల, మధ్యలో యూరియా సంచి పీచుతో మెత్తటి పరుపు. ఎలుక దర్జాగా కాపురం పెట్టింది. ఫిల్టర్ కాగితం ఒక అంచు కొరికేసింది, పక్కనున్న వైరు రాగి బయటపడేదాకా నమిలేసింది. కాయలు చేత్తో తోడి, ఫిల్టర్ నేలకేసి తట్టి, మోటారు స్టార్టర్ పెట్టెలో ఉన్న ఇన్సులేషన్ టేపు తెచ్చి వైరుకు చుట్టాను. అమ్మ సబ్బు ఇచ్చి చెంబుతో నీళ్లు పోస్తూనే ఉంది, గోళ్లలో నలుపు మాత్రం వదల్లేదు. అట్లాగే పోయాను.

(తోటలో కారు పెట్టేవాళ్లందరికీ ఒక మాట: కళ్లం పక్కన పార్క్ చేయొద్దు, వారానికోసారి బోనెట్ ఎత్తి చూడండి. నాఫ్తలీన్ గోలీలు వేస్తే రావంటారు గానీ మా ఎలుకలకు ఆ భయం ఏమీ లేదు.)

ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు. హెచ్‌ఆర్ ఆయన నా కాగితం చూసి, “2016 నుంచి ఏం చేస్తున్నావు?” అన్నాడు. వ్యవసాయం సార్ అన్నాను. “అంటే ఖాళీగానే ఉన్నావు” అని, పెన్ను తీసి ‘గ్యాప్ 5 ఏళ్లు’ అని రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్నా నాకు కనబడుతూనే ఉంది. పక్కనున్నది ప్రొడక్షన్ ఇంజినీరు, మాటలో తమిళ యాస. ఆయన కాగితం వైపు చూడనే లేదు, నా చేతుల వైపు చూశాడు. “గోళ్లకు ఏంటి ఆ నలుపు?”

ఎలుక కథ చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, వైరు ఎట్లా కలిపావని అడిగాడు. అక్కడి నుంచి బోరు మోటారు మీదికి పోయింది మాట. స్టార్టర్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే ముందు ఏం చూస్తావన్నాడు. “మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తా సార్. ఒక ఫేజు పోతే మోటారు గుయ్యిమంటుంది గానీ తిరగదు, అట్లాగే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. ఫేజులు సరిగ్గా ఉంటే ఓవర్‌లోడ్ రిలే ఎంతకు పెట్టారో చూస్తా” అన్నాను. అది చదివి చెప్పింది కాదు, మోటారు కాలబెట్టుకుని నేర్చుకున్నది. చివర్లో ఆయనే, “సి షిఫ్టుకు ఎట్లా వస్తావు?” అన్నాడు. “ఆ ఎలుకల కారులోనే సార్.”

ఉద్యోగం ఇచ్చారు. నాతో పాటు బయట కూర్చున్నవాళ్లలో నాకంటే మంచి పర్సెంటేజీ ఉన్నవాళ్లే ఎక్కువ. కారు లేకపోతే ఆ ఉద్యోగం నాకు వచ్చేది కాదు, ఇందులో ఎవరేమన్నా నేను ఒప్పుకోను.

కానీ ఆ హెచ్‌ఆర్ ఆయన రాసుకున్నది మాత్రం ఇప్పటికీ నాకు మండుతుంది. ఖాళీగా ఉన్నానట! ఆ ఐదేళ్లలో డ్రిప్పు లైన్లు నేనే వేశాను, డ్రిప్పు నీళ్లలో ఎరువు కలిపే వెంచురీతో ఎంత వదలాలో లెక్కలు నేనే కట్టాను. పాతిక మంది కూలీలకు పనులు పంచి, సాయంత్రం ఎవరితోనూ మాట పడకుండా డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. చీనీ కాయలు లోడు ఎత్తి మార్కెట్‌కు పోతే, సూటు పేరుతో తూకంలో కోసుకునే దళారితో వాదించి నిలబడ్డాను. పట్నంలో ఒకడు ఏసీ గదిలో కూర్చుని ఇంటర్న్‌షిప్ చేస్తే రెజ్యూమెలో అరపేజీ వస్తుంది, మనం ఐదేళ్లు ఎండలో చేస్తే గ్యాప్!

పెళ్లి సంబంధాల్లోనూ ఇదే గోల. అబ్బాయి ఏం చేస్తాడని అడిగి, వ్యవసాయం అనగానే కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచిపోయినవాళ్లు ఉన్నారు. ఫ్యాక్టరీ ఐడీ కార్డు మెళ్లో పడ్డాక వాళ్లే మళ్లీ కబురు పెట్టారు. ధర పలికిన ఏడు చీనీ తోట మీద వచ్చింది నా ఏడాది జీతం కంటే ఎక్కువేనని వాళ్లకు ఎవరు చెప్పాలి?

కాబట్టి రెజ్యూమెలో ఆ కాలమ్ ఖాళీ వదలొద్దు. తోట పని ఉద్యోగం లాగే రాయి: ఎన్ని ఎకరాలు, ఎన్ని మోటార్లు, ఎంతమంది కూలీలు, ట్రాక్టరు రిపేర్లలో నీకేం వచ్చు. అడిగినప్పుడు తలొంచుకుని చెప్పకు. డబ్బులు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు పైసా ఇవ్వకు, దానికంటే బోరే నయం.

ఇక కారు. లోన్ జోలికి పోకు, లక్షలో దొరికేదే చూడు. ఆల్టో లాంటి 796 సీసీ బండి అయితే ఏ పల్లె మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పుతాడు, సామాను ధర్మవరంలోనో హిందూపురంలోనో దొరుకుతుంది. వెనక సీటు మడిస్తే ఎరువు సంచులు పడతాయి. బెంగళూరు బండి చవక అని ఎగబడొద్దు. 12 నెలలకు మించి ఇక్కడ తిప్పాలంటే అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టి, నంబర్ మార్పించుకోవాలి. బ్రోకర్ ఆ ఖర్చు సంగతి ఎత్తడు. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) 15 ఏళ్లకే ఉంటుంది, ఆ తేదీ దగ్గర పడిందేమో చూసుకో, దాటితే ఐదేళ్లకోసారి రెన్యువల్. బ్యాంకు పేరు ఆర్‌సీ మీద ఉంటే అది తీయించాకే మాట్లాడు. బండి పేరు మార్చే కాగితాలు ఫారం 29, ఫారం 30 మీద ఓనర్ సంతకాలు పడనిదే డబ్బు మొత్తం చేతిలో పెట్టకు. ఇన్సూరెన్స్ నీ పేరు మీదికి 14 రోజుల్లోపు మార్పించుకో.

బండి చూడ్డానికి పొద్దున్నే చెప్పకుండా పో, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి. మనం వచ్చేసరికి బోనెట్ వేడిగా ఉందంటే అనుమానించు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. బండి కొత్తగా కడిగి పాలిష్ కొట్టి ఉన్నా ఆ అంకెలు అబద్ధం చెప్పవు. డోర్ రబ్బరు లాగి చూడు, స్టెప్నీ గుంతలో తుప్పు చూడు.

అన్నిటికంటే ముఖ్యం, మీ నాయనను వెంట తీసుకెళ్లు. మా నాయన కారు వద్దే వద్దని ఇంట్లో నెల రోజులు మాట్లాడలేదు. ధర్మవరంలో ఆ ఆల్టో ముందు నిలబెట్టాక, ఎద్దుల సంతలో తిరిగినట్టే దాని చుట్టూ తిరిగాడు. చక్రాలు తన్నాడు, తలుపులు వేసి తీశాడు, అద్దం మీద గీత చూపించాడు. అమ్మేవాడు 1.10 లక్షలు అన్నాడు. నాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని వెనక్కి తిరిగి నడుస్తుంటే, వాడే వెనక నుంచి పిలిచి తగ్గించాడు.