పేపర్ల లెక్క అడిగినప్పుడు: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

అన్నానగర్, చెన్నై

అమ్మడూ, ఆశీస్సులు.

ప్రమోషన్ ఇంటర్వ్యూలో నీ హెచ్-ఇండెక్స్ అడిగారని, ఏడు అని చెప్పాక వాళ్లు నీ పని గురించి ఇంకో ప్రశ్న కూడా వెయ్యలేదని ఫోన్‌లో చెప్పావు. అప్పటి నుంచి బెంగళూరు పీణ్య గార్మెంట్స్‌లో చేసిన రక్తహీనత సర్వే పేపర్ పక్కన పెట్టి, ఇతరుల పేపర్లలో ఉదహరింపులు, అంటే సైటేషన్లు, తొందరగా తెచ్చే రివ్యూ (ఇతరుల పరిశోధనలను సమీక్షించే వ్యాసం) ఏదైనా రాద్దామా అని చూస్తున్నావట. రివ్యూ తర్వాతైనా రాసుకోవచ్చు. ముందు ఆ సర్వే పూర్తి చెయ్యి. ఇది ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. నీకు ఏడు వచ్చిందంటే, ఒక్కొక్కటి కనీసం ఏడుసార్లు ఉదహరింపబడిన పేపర్లు నీకు ఏడున్నాయని అర్థం. అంతకుమించి ఆ అంకె ఏమీ చెప్పదు. వాటిలో ఒకదానికి ఏడు వందల సైటేషన్లు వచ్చినా అది ఏడుగానే ఉంటుంది. వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి నీకంటే పదేళ్లు ముందు మొదలుపెట్టినవాళ్లతో పోల్చుకోవడంలో అర్థం లేదు. ప్రపంచంలోని జబ్బుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లాంటి పేపర్లకు వందలమంది రచయితలు, వేల సైటేషన్లు. అందులో పేరున్నవాళ్ల అంకెకీ, ఊళ్లు తిరిగి సొంతంగా రక్తం నమూనాలు తెచ్చినవాళ్ల అంకెకీ తేడా ఆ లెక్కకు తెలియదు. ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో 1998లో వచ్చిన పేపర్‌ని 2010లో వెనక్కి తీసుకున్నారు. దాన్ని తప్పుపడుతూ రాసినవాళ్లు కూడా ఉదహరించారు, ఆ సైటేషన్లన్నీ లెక్కలోకి వచ్చాయి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయితే జర్నల్ సగటు. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నది అందులో చూస్తారు. కొన్ని పేపర్లే సగటును పైకి లాగుతాయి. మన ఫీల్డ్ సర్వేల లాంటివి ఆలస్యంగా పనికొస్తాయి, రెండేళ్ల కిటికీలో అవి కనబడవు. జర్నల్ అంకెతో మనిషిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసినవాళ్లు రాసిన ప్రకటన ఉంది, డోరా అంటారు. చదివి ఉంచుకో.

అయినా సైటేషన్ విలువైనదే. నీ పేపర్ చేతిలో పెట్టుకుని ఇంకొకరు పని చేశారనడానికి అది గుర్తు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా వేలసార్లు ఉదహరించిన పేపర్ అది. ఎక్కడో ల్యాబ్‌లో ఉన్నవాళ్లు అది చదివి, తమ బల్ల మీద అదే కొలత తీయగలిగారు. నీ సర్వే పేపర్‌కి కూడా నేను కోరేది ఆ గుణమే.

రేపు ఎవరో మన దేశంలోని మహిళా కార్మికుల రక్తహీనత మీద మెటా-అనాలిసిస్, అంటే చాలా పేపర్ల అంకెల్ని కలిపి చేసే విశ్లేషణ, చేస్తారు. నీ పేపర్ తెరుస్తారు. ఎంతమందిని అడిగావు, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది రక్తం ఇచ్చారు, వయసుల వారీగా ఎంతమంది అన్నవి కనబడకపోతే అక్కడే పక్కన పెడతారు. శాతం ఒక్కటే ఇస్తే వాళ్లకు చాలదు. శాతం కింద అసలు సంఖ్యలు, సగటుతో పాటు స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది), కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది) ఉండాలి. సర్వేల లాంటి పరిశోధనల పేపర్‌లో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో అంశం సరిచూసుకుంటూ రాయి.

కొలత దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. అది వేలికొన నుంచి తీసిన చుక్కతో చేసిన పరీక్ష. సిర నుంచి తీసిన రక్తంతో చేస్తే ఫలితం వేరుగా వస్తుందని మన దేశంలోనే పెద్ద చర్చ నడిచింది. నువ్వు సిర రక్తమే తీశావు కదా, ఆ మాట సారాంశంలోనే రావాలి. ఏ మెషీన్, నమూనా తీశాక ఎంతసేపటికి పరీక్ష చేశారు, గర్భిణులు కాని స్త్రీలకు డెసీలీటరుకు 12 గ్రాముల హిమోగ్లోబిన్ హద్దే వాడావా, అన్నీ రాయి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగితే శరీరం హిమోగ్లోబిన్ ఎక్కువ తయారు చేసుకుంటుంది కాబట్టి లెక్క సవరించాలి. డబ్ల్యూహెచ్‌ఓ పాత పట్టికలో ఆ సవరణ 1,000 మీటర్ల దగ్గర మొదలయ్యేది, 2024 మార్గదర్శకాల్లో 500 మీటర్ల నుంచే మొదలవుతోంది. అంటే పాత లెక్కలో బెంగళూరుకి సవరణ లేదు, కొత్త లెక్కలో ఉంది. నీ ఫలితాలు రెండు లెక్కల్లోనూ ఇవ్వు. ఆ ఒక్క టేబుల్ కోసమే నీ పేపర్ వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారని నా గట్టి నమ్మకం.

టైటిల్‌లో చమత్కారం వద్దు. రక్తహీనత, గార్మెంట్స్ మహిళలు, బెంగళూరు, ఈ మూడూ ఉంటే వెతికేవాళ్లకు దొరుకుతుంది.

ఇక పేరు సంగతి. మనవాళ్లు ఇంటిపేరు ముందు పెట్టి ఒక్క అక్షరానికి కుదిస్తారు, అసలు పేరు రెండు మూడు ముక్కలుంటుంది. డేటాబేస్ చివరి ముక్కనే ఇంటిపేరనుకుంటుంది. అలా లక్ష్మి, దేవి, రావు, కుమార్ ఇంటిపేర్లయిపోయి ఒకరి పేపర్లు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ఇక్కడ తమిళులకు తండ్రి పేరు ఇనిషియల్‌తో ఇదే తిప్పలు. నీ తొలి పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి, పెళ్లయ్యాక వచ్చినవి అల్లుడి ఇంటిపేరుతో ఉన్నాయి. పేపర్లనూ సైటేషన్లనూ లెక్కపెట్టే స్కోపస్ డేటాబేస్‌లో నువ్వు ఇద్దరుగా ఉన్నావేమో ఇవాళే చూడు. ఉంటే కలపమని అడగవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆర్సిడ్ అనే 16 అంకెల గుర్తింపు తీసుకుని పాత పేపర్లన్నీ దానికి చేర్చు. ఇకపై ఒక్కటే పేరు, ఒక్కటే స్పెల్లింగ్. ఎవరైనా అంకె అడిగితే ఎక్కడ చూసినదో, ఏ తేదీదో కూడా చెప్పు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్‌లనూ (జర్నల్ పరిశీలనకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతులనూ) కలుపుకుంటుంది కాబట్టి స్కోపస్ కంటే సాధారణంగా ఎక్కువే చూపిస్తుంది.

వారంలో వేసేస్తాం, ఇంత కట్టండి అనే మెయిళ్లకు జవాబివ్వకు. పేరున్న సంస్థ అన్నది ఒక్కటే హామీ కాదు. హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లలో 2023లోనే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో కనబడే ప్రతి జర్నలూ, పరిశీలించి జర్నళ్లను చేర్చుకునే మెడ్‌లైన్ జాబితాలో ఎంపికైనది కాదని కూడా గుర్తుంచుకో, రెంటికీ తేడా ఉంది. ఓపెన్ యాక్సెస్ (పేపర్ అందరికీ ఉచితంగా దొరికేలా వేయడం) ఫీజు లక్షల్లో ఉంటే అప్పు చెయ్యవద్దు. పెద్ద ప్రచురణ సంస్థలు మన దేశానికి మామూలుగా పూర్తి మినహాయింపు ఇవ్వవు. ఫీజు లేని మంచి జర్నల్‌లో వేసి, వాళ్ల నిబంధనలు చూసుకుని, ఆమోదం పొందిన ప్రతిని మీ సంస్థ రిపాజిటరీలో, అంటే అందరికీ తెరిచి ఉంచే ఆన్‌లైన్ భాండారంలో, పెట్టు. చదవాలనుకునేవాళ్లకు దొరికితే చాలు.

రచయితల వరుస ఇప్పుడే కాగితం మీద రాసి అందరితో ఒప్పించుకో. పని చెయ్యని పెద్దల పేరు కలపడం మర్యాద అనుకునే అలవాటు నేను చాలాచోట్ల చూశాను, అది నాకెప్పుడూ నచ్చలేదు. హిందూపురం నుంచి వచ్చిన ఆడవాళ్లతో తెలుగులో మాట్లాడి రక్తం ఇవ్వడానికి ఒప్పించిన ఆ ఫీల్డ్ అమ్మాయిని డ్రాఫ్ట్ చదివించి, దిద్దించి, పేరు చేర్చు. ఆమె లేకపోతే నీకు డేటా లేదు.

కమిటీ మళ్లీ అడుగుతుంది. అప్పుడు అంకె చెప్పి ఆగవద్దు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు, ఇవాళ చేట్‌పట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో) ఉన్నంత ఫలితం వస్తుందని వాళ్లు 1959లో చూపించారు, ఇంట్లోవాళ్లకు అదనంగా ప్రమాదం లేదని ఆ తర్వాత చూపించారు. ఆ 1959 పేపర్ కేంద్రం పేరు మీదే వచ్చింది, ఏ ఒక్కరి హెచ్-ఇండెక్స్‌కూ దాన్ని జమ చెయ్యలేం. ప్రపంచం మాత్రం శానటోరియంల నుంచి ఇళ్లకు మళ్లింది. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు అదే 1956లో కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు పరీక్ష మొదలుపెట్టారు. 1962లో జాతీయ గాయిటర్ (అయోడిన్ లోపంతో మెడ దగ్గర వచ్చే వాపు) నియంత్రణ కార్యక్రమం వచ్చింది. దాని ప్రభావం కొలవాలంటే వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద చూడాలి.

కాబట్టి నీ పేపర్ ఎవరి చేతికి వెళ్లిందో రాసిపెట్టుకో. ఫ్యాక్టరీ డాక్టర్ ఐరన్ మాత్రలు మొదలుపెడితే ఆ ఉత్తరం, ఈఎస్ఐ వాళ్లు డేటా అడిగితే ఆ మెయిల్, ఏదైనా మార్గదర్శకంలో నీ టేబుల్ వాడితే ఆ పేజీ, అన్నీ ఒక ఫైల్‌లో ఉంచు. ఫలితాలు కన్నడలోనూ తెలుగులోనూ రెండు పేజీల్లో రాసి, రక్తం ఇచ్చిన ఆడవాళ్లకు జర్నల్ కంటే ముందే అందించు. వాళ్లకు ముందే చెప్పావు కాబట్టి పేపర్ తీసుకునేది లేదని మంచి జర్నళ్లు సాధారణంగా అనవు, అనుమానం ఉంటే ఎడిటర్‌కి ఒక మెయిల్ రాసి అడుగు.

దసరాకి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. ఈలోగా మెథడ్స్ భాగం, ఆ ఎత్తు సవరణ టేబుల్ నాకు పంపించు. మిగతా డ్రాఫ్ట్ ఎలా ఉన్నా ఫరవాలేదు, ఆ రెండూ చూసి నా మాట రాసి పంపుతాను.

నీ పెద్దమ్మ