టెక్ సందేహాలు: మోరోవిండ్‌లో కత్తి ఎందుకు తగలదు?

ప్రశ్న: మాది బొబ్బిలి. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎల్డర్ స్క్రోల్స్ గేముల్లో మోరోవిండ్, ఆబ్లివియన్‌లలో ఏది ముందు ఆడాలి? మోరోవిండ్ మొదలుపెట్టాను గానీ, ఎదురుగా నిలబడి పొడిచినా దెబ్బ తగలడం లేదు. బగ్గా?

జవాబు: బగ్ కాదు. 2002 నాటి మోరోవిండ్‌లో కత్తి ఆనినట్టు తెరమీద కనిపించినా, తగిలిందో లేదో లోపల పాచికలు వేసి తేలుస్తారు. లెక్క ఇదీ. ఆ ఆయుధంలో మీ స్కిల్‌కి (నైపుణ్యానికి) మీ పాత్ర ఎజిలిటీ (చురుకుదనం) అంకెలో అయిదో వంతు, లక్ (అదృష్టం) అంకెలో పదో వంతు కలుపుతారు. ఆకుపచ్చ గీత, అంటే ఫెటీగ్ (ఒంట్లో మిగిలిన సత్తువ), నిండుగా ఉంటే దాన్ని 1.25తో, ఖాళీగా ఉంటే 0.75తో హెచ్చిస్తారు. అందులోంచి శత్రువు తప్పించుకునే శక్తిని తీసేస్తారు. మిగిలిందే దెబ్బ తగిలే అవకాశం, శాతంలో.

చాలామంది మొదటి ఊరు సేడా నీన్‌లో దొరికిన చిన్న బాకు పట్టుకుని బయల్దేరతారు. మీ క్లాసులో (ఎంచుకున్న పాత్ర రకంలో) షార్ట్ బ్లేడ్, అంటే చిన్న కత్తుల స్కిల్, మేజర్‌గానో (ముఖ్యమైనదిగా) మైనర్‌గానో (రెండో వరుసలో) లేకపోతే ఆ స్కిల్ 5 దగ్గరే ఉంటుంది. ఎజిలిటీ, లక్ చెరో 40 అనుకుందాం. 5, 8, 4 కలిపితే 17. దారంతా పరిగెత్తి ఆకుపచ్చ గీత ఖాళీ చేసుకున్నారంటే 13 శాతం కూడా మిగలదు. అదే మేజర్ స్కిల్ 30, గీత నిండుగా ఉంటే, శత్రువు వాటా తీయకముందు 52 శాతం దాటుతుంది. కాబట్టి మేజర్‌లో ఏ ఆయుధం పెట్టుకున్నారో అదే కొనండి. పోట్లాటకు ముందు క్యాప్స్ లాక్ నొక్కి నడకలోకి మారండి, లేదా టి నొక్కి విశ్రాంతి తీసుకోండి.

2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో ఈ బాధ లేదు. కత్తి ఆనితే దెబ్బే. స్కిల్ తక్కువైతే దెబ్బ బలం తగ్గుతుందంతే. అక్కడి చిక్కు వేరు: మీ లెవెల్‌తో పాటు శత్రువులూ పెరుగుతారు. అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ మేజర్‌లో పెట్టుకుంటే ఊరికే పరిగెత్తి, గెంతినందుకే లెవెల్ ఎక్కేస్తుంది, కత్తి స్కిల్ మాత్రం వెనకబడుతుంది. అప్పుడు దారిదోపిడీ దొంగలు కూడా గాజు కవచాలతో (గేములో అవి ఖరీదైన, గట్టి కవచాలు) ఎదురొస్తారు. ఆ రెండింటినీ మేజర్‌లో పెట్టకండి. మంచం మీద నిద్రపోతేనే లెవెల్ మారుతుంది కాబట్టి తొందరపడి పడుకోకండి. ప్రధాన కథలో వచ్చే క్వాచ్ నగరం పని చిన్న లెవెల్‌లోనే ముగించండి. ఎండ్యూరెన్స్ (ఓర్పు) మొదట్లోనే పెంచండి. ప్రతి లెవెల్‌కీ అందులో పదో వంతు హెల్త్‌గా కలుస్తుంది. ఆలస్యంగా పెంచితే పాత లెవెళ్ల వాటా తిరిగి రాదు.

ఏది ముందంటే, నా ఓటు మోరోవిండ్‌కే. ఆబ్లివియన్‌లో దిక్సూచి మీద గుర్తు పడుతుంది, దాని వెంట పోవడమే. మోరోవిండ్‌లో గంటస్తంభం దగ్గర ఎవరినో దారి అడిగినట్టే ఉంటుంది: వంతెన దాటాక ఎడమకి, కొండ వారన రెండో దారి. జర్నల్ (గేములోని డైరీ) చదివి, చుట్టూ చూసి వెతుక్కుంటేనే కథ జరిగే ఆ దీవి మీది అవుతుంది. ఆబ్లివియన్ ఆడాక మోరోవిండ్‌కి వస్తే గుర్తులు లేవని విసుగొస్తుంది. కథలు వేర్వేరు, వరుస తప్పినా నష్టం లేదు.

మీ ల్యాప్‌టాప్ రెండింటికీ చాలు. మోరోవిండ్ అసలు గేమ్ 1 జీబీ చోటు అడుగుతుంది, ఆబ్లివియన్ 4.6 జీబీ. ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకునేవారు రోజువారీ డేటా కోటా చూసుకోండి. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త: 2025లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్‌కి (కొత్త గ్రాఫిక్స్‌తో చేసిన రూపానికి) 16 జీబీ ర్యామ్, 125 జీబీ ఎస్ఎస్‌డీ చోటు కావాలి. మీకు కావలసింది పాతదే.

ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయకండి. విండోస్ అక్కడ ఫైళ్లు మార్చడానికి అడ్డుపడవచ్చు, మోడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసే అదనపు మార్పులు) పెట్టినా సరిగా పనిచేయకపోవచ్చు. సీ డ్రైవ్‌లో గేమ్స్ అని విడిగా ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. మోరోవిండ్‌కి ఓపెన్‌ఎండబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్ (గేమ్‌ని నడిపే ప్రోగ్రామ్) కూడా ఉంది. మీరు కొన్న గేమ్‌లోని డేటా ఫైల్స్ ఫోల్డర్ చూపిస్తే చాలు, నేటి తెరలకి సరిపడా నడుస్తుంది. కరెంటు పోయే వేళల్లో, బ్యాటరీ నిలవని ల్యాప్‌టాప్ అయితే, ప్రతి పోట్లాటకు ముందు ఎఫ్5 నొక్కి సేవ్ చేసుకోండి. తిరిగి తెరవడానికి ఎఫ్9.