కొత్తగా వేపింగ్ మొదలుపెట్టినవాళ్లు మెకానికల్ మాడ్ తీసుకోవచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. సిగరెట్లు మానేద్దామని వేపింగ్‌కి మారాను. సీనియర్ ఒకాయన తన పాత మెకానికల్ మాడ్ చవగ్గా ఇస్తానంటున్నాడు. కొత్తవాళ్లు దాన్ని ప్రమాదం లేకుండా ఎలా వాడాలి?

జవాబు: తీసుకోకండి. ఉచితంగా ఇచ్చినా వద్దనే చెప్పండి. నేనుండేది డాలస్ పక్కన. బీటెక్‌లో ట్రిపుల్ఈ చదివాను, ఇలాంటి ట్యూబ్ మాడ్‌లు కొన్నేళ్లు వాడాను కూడా. మెకానికల్ మాడ్ ఎవరికీ మొదటి పరికరం కాకూడదన్న నా అభిప్రాయం మారే ప్రసక్తే లేదు.

మాడ్ అంటే వేప్‌లో బ్యాటరీ ఉండే భాగం. మామూలు మాడ్‌లో చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. షార్ట్ అయినా, బ్యాటరీ బాగా దిగిపోయినా, బటన్ అలాగే నొక్కుకుపోయి ఉన్నా అది కరెంటు ఆపేస్తుంది. మెకానికల్‌లో ఆ బోర్డే లేదు. ఒక లోహపు గొట్టం, లోపల బ్యాటరీ, అడుగున బటన్, పైన లిక్విడ్ ట్యాంకు, అందులో వేడెక్కి పొగ తెప్పించే కాయిల్, అంతే. ఎక్కడ ఆగాలన్నది వాడేవాడే లెక్క కట్టుకోవాలి.

ఆ లెక్క మనకు కొత్తది కాదు. ఇంటర్‌లో ఓమ్ నియమం చదివాం, ఎంసెట్‌లో దాని మీద బిట్లు కొట్టి ర్యాంకులు తెచ్చుకున్నాం. చేతిలో ఉన్న వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కడూ లెక్క వేయడు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఈ గొట్టాల్లో వేసేది 18650 అనే సైజు బ్యాటరీ, ఫుల్ చార్జ్ మీద 4.2 వోల్టులు. దాన్ని కాయిల్ రెసిస్టెన్స్‌తో భాగించండి. 0.5 ఓమ్ అయితే 8.4 ఆంపియర్లు, 0.2 అయితే 21, 0.1 అయితే 42. శాంసంగ్ 25ఆర్ అనే బ్యాటరీ ఆగకుండా ఇవ్వగలిగేది 20 ఆంపియర్లు, సోనీ వీటీసీ5ఏ అయితే 25. అంటే 0.2 కాయిల్‌కే శాంసంగ్ హద్దు దాటేశారు. వీడియోల్లో గది నిండా పొగ వదిలేవాళ్లు 0.1 దగ్గర ఆడుతుంటారు, ఏ బ్యాటరీ వాడుతున్నారో మాత్రం చెప్పరు. పొగ చూసి కాపీ కొట్టే కుర్రాళ్ల గురించి వాళ్లకి పట్టదు.

లేబుళ్లనీ నమ్మడానికి లేదు. వేరేవాళ్ల బ్యాటరీలకి తమ పేరుతో కొత్త ర్యాప్ చుట్టి అమ్మే కొందరు రీర్యాప్ కంపెనీలవాళ్లు క్షణకాలం ఇవ్వగలిగే కరెంటుని పెద్ద అక్షరాల్లో వేసి, నిరంతరం ఇవ్వగలిగేది దాచేస్తారు. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అక్కడే వదిలేయండి. మంచి కంపెనీల సెల్స్ 3500 దగ్గర తిరుగుతుంటే అన్ని వేలు ఎక్కడినుంచి వస్తాయి?

ఇక నేను కళ్లారా చూసింది చెబుతాను. ఇర్వింగ్‌లో ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌లో ఒక శనివారం రాత్రి పేకాటలో కూర్చున్నాం. కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు తన మెకానికల్ మాడ్ టేబుల్ మీద అడ్డంగా పెట్టి ముక్కలు సర్దుకుంటున్నాడు. ఉన్నట్టుండి పోపులో ఆవాలు పడ్డట్టు చిటపటమని శబ్దం. వంటింట్లో ఎవరైనా ఉన్నారేమోనని అటు చూశాం, ఎవరూ లేరు. ఈలోపు తియ్యగా ఉండే లిక్విడ్ వాసన కాస్తా మాడిన దూది వాసనగా మారింది. మాడ్‌ని ఎవరూ ముట్టుకోలేదు, బటన్ మీద ఎవరి వేలూ లేదు. అయినా ట్యాంకు లోపల పొగ సుడులు తిరుగుతోంది.

ఆ తమ్ముడు చెయ్యి వేసి "అబ్బా" అని వదిలేశాడు. అది దొర్లి కార్పెట్ మీద పడింది. నేను వంటింటి తువ్వాలు తెచ్చి దానితో గొట్టాన్ని పట్టుకుని, ముందు పైనున్న ట్యాంకు మర తిప్పి ఊడదీశాను. కాయిల్ పక్కకి వస్తే ఆ దారిలో కరెంటు తెగిపోతుంది. శబ్దం ఆగింది. గొట్టాన్ని అలాగే బాల్కనీలోకి తీసుకెళ్లి సిమెంటు నేల మీద పెట్టి, తలుపు వేసి, అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. బయట పెట్టాక కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పేక ముక్కలు టేబుల్ మీదే ఉండిపోయాయి.

పూర్తిగా చల్లబడ్డాక బ్యాటరీ తీసి చూస్తే సంగతి అర్థమైంది. పాజిటివ్ కొనకి దగ్గర్లో ప్లాస్టిక్ ర్యాప్ గోరంత చిరిగి ఉంది. చాలామందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. 18650 బ్యాటరీకి అడుగు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న లోహపు డబ్బా అంతా నెగటివే. పాజిటివ్ బొడిపె చుట్టూ ఉండే అంచు కూడా నెగటివే. దాన్ని మాడ్ గొట్టం నుంచి విడదీసేది ఆ పల్చటి ర్యాప్ మాత్రమే. అది చిరిగి లోపలి లోహం గొట్టానికి తగిలితే బటన్‌తో పనిలేకుండానే కాయిల్ రగులుతుంది.

"కొన్నప్పటి నుంచీ అలాగే ఉందన్నా, చిన్నదే కదా అనుకున్నా" అన్నాడు ఆ తమ్ముడు. మాడ్‌తో పాటు బ్యాటరీ కూడా సెకండ్ హ్యాండే. అతనికి కోపం తెప్పించకుండా నెమ్మదిగా చెప్పాను గానీ నాకు అసలు కోపం వచ్చింది అమ్మినవాడి మీద. కొత్త ర్యాప్ కొనాలంటే కొన్ని సెంట్లు. హెయిర్ డ్రయర్ పెడితే నిమిషంలో బిగుసుకుంటుంది. ఆ మాత్రం చేయకుండా ఊరుకాని ఊరొచ్చిన పిల్లాడికి అంటగట్టాడు.

ఆ రాత్రి ఒకటి కలిసొచ్చింది. అతని కాయిల్ 0.4 ఓమ్ కాబట్టి పది ఆంపియర్ల దగ్గరే ఆగింది, బ్యాటరీ తట్టుకుంది. అదే హైబ్రిడ్ టాప్ ఉన్న మాడ్ అయితే? అందులో ట్యాంకు పిన్ను నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కి తగులుతుంది. ఆ పిన్ను చుట్టూ ఉన్న మర కంటే స్పష్టంగా ముందుకు పొడుచుకుని ఉండాలి. మామూలు ట్యాంకుల్లో చాలావాటికి అది చదునుగానో, స్ప్రింగు మీద లోపలికి పోయేదిగానో ఉంటుంది. అలాంటిది బిగించి బటన్ నొక్కారంటే మధ్యలో కాయిల్ లేని నిఖార్సైన షార్ట్. బ్యాటరీ లోపలి గ్యాస్ పోవడానికి గొట్టానికి రంధ్రాలు సరిగా లేకపోతే ఆ గొట్టమే పేలుతుంది.

ఇది నేను భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2019 జనవరిలో మా పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో 24 ఏళ్ల యువకుడు మాడ్ పేలి, ముక్క మెడలోని రక్తనాళాన్ని కోసేయడంతో చనిపోయాడు. అంతకు ముందు 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 38 ఏళ్ల వ్యక్తి వేప్ పేలుడుకి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2009 నుంచి 2016 వరకు 195 ఘటనలు లెక్కకి వచ్చాయని అమెరికా అగ్నిమాపక విభాగం 2017 నివేదికలో రాసింది. వాటిలో దాదాపు మూడో వంతు జేబుల్లో జరిగినవే. విడి బ్యాటరీని తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వేసుకునేవాళ్లని ఇప్పటికీ రోజూ చూస్తున్నాను. ప్లాస్టిక్ బ్యాటరీ కేసు ఒకటి రెండు డాలర్లకి దొరుకుతుంది, దయచేసి కొనుక్కోండి.

సెలవులకి ఇంటికి వెళ్లేవాళ్లకి ఒక మాట. వేప్‌నీ, విడి బ్యాటరీల్నీ చెక్‌ఇన్ బ్యాగులో పెట్టకూడదు, ఇక్కడి విమాన నిబంధనలు ఒప్పుకోవు. అసలు ఇండియాకి తీసుకెళ్లనే వద్దు. అక్కడి 2019 చట్టం ప్రకారం ఇ-సిగరెట్ల (అంటే వేప్‌ల) దిగుమతి, అమ్మకం నేరం. కజిన్‌కి గిఫ్ట్ అని శంషాబాద్‌లో దిగి టెన్షన్ పడటం ఎందుకు?

మీరు అడిగింది సిగరెట్ మానడం గురించి కాబట్టి దానికొస్తాను. అందుకు మెకానికల్ అవసరమే లేదు. చిన్న పాడ్ (తక్కువ పొగ ఇచ్చే బుల్లి వేప్) చాలు, లేదా ఒకే బ్యాటరీ పట్టే, బోర్డు ఉన్న మాడ్. పాడ్‌లో పోసే, మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండే సాల్ట్ లిక్విడ్‌ని పెద్ద పొగ వచ్చే ట్యాంకులో మాత్రం పోయకండి, కళ్లు తిరిగి వాంతులవుతాయి. అందులోకి 3 మిల్లీగ్రాములవి వేరే వస్తాయి. అసలు సిగరెట్ అలవాటే లేనివాళ్లు ఇది చదువుతుంటే, మీరు ఏ పరికరమూ మొదలుపెట్టకండి.

మొహమాటానికి సీనియర్ దగ్గర తీసుకోక తప్పలేదనుకోండి, గొట్టం తీసుకుని బ్యాటరీ అక్కడే వదిలేయండి. తెలిసిన షాపులో కొత్త బ్యాటరీ, కాయిల్ రెసిస్టెన్స్ చూసే ఓమ్ మీటరు, విడి చార్జరు, బ్యాటరీ కేసు కొని ఆ బిల్లు చూసుకోండి. ఆ డబ్బుకి బోర్డు ఉన్న కొత్త మాడ్ వచ్చేస్తుంది.