కృష్ణా నీళ్లు సముద్రంలో కలిస్తే వృథాయేనా?

ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తిన ప్రతిసారీ విజయవాడలో "ఇన్ని నీళ్లూ సముద్రం పాలేనా" అనుకుంటారు. మీరడిగిందీ అదే. పూర్తిగా వృథా కాదండీ, సముద్రానికి ఆ నీళ్లు కావాలి.

వరదతో పాటు నత్రజని, భాస్వరం, రాళ్లు అరిగి కరిగిన సిలికా వస్తాయి. సిలికా లేకపోతే డయాటమ్‌లనే సూక్ష్మజీవులు తమ గాజులాంటి పెంకు కట్టుకోలేవు, తీరంలో చేపల తిండి గొలుసు చాలావరకు మొదలయ్యేది వాటితోనే.

టైగర్ రొయ్యనే చూడండి. గుడ్లు పెట్టేది సముద్రంలోనే, కానీ పిల్లలు రెండు మూడు వారాలకే, ఇంకా సెంటీమీటరు పొడవులో దాదాపు పారదర్శకంగా ఉండగానే, పోటుతో పాటు లోపలికొచ్చి నాగాయలంక వైపు మడ చెట్ల వేళ్ల మధ్య చేరతాయి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, అక్కడ నది కలవడంతో తగ్గుతుంది, తిండికి లోటుండదు, పెద్ద చేపలు ఆ వేళ్ల మధ్యకి దూరలేవు. పెరిగాక మళ్లీ సముద్రంలోకి పోతాయి. నది రాకపోతే ఆ చోటంతా ఉప్పెక్కిపోతుంది, ఇది నిజంగా టెన్షన్ పడాల్సిన విషయం.

ఒండ్రు సంగతి వేరే. అది డ్యాముల్లోనే ఆగిపోవడంతో డెల్టా అంచు చాలాచోట్ల కోతకు గురవుతోంది.

అలాగని ఎంత వస్తే అంత మంచిదనీ కాదు. మంచినీళ్లు తేలిక కాబట్టి బంగాళాఖాతం మీద పొరలా పరుచుకుంటాయి, దాంతో అడుగునున్న పోషకాలు తేలిగ్గా పైకి రావు. అరేబియా సముద్రంతో పోలిస్తే మన వైపు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే డయాటమ్‌ల లాంటి సూక్ష్మజీవులు, తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.