డెబ్బయ్యో దశకం నాటి రాక్ సంగీతకారుడి అరుదైన ఇంటర్వ్యూ బయటపడితే అభిమానులు ఎందుకంత ఊగిపోతారు?

ఈ ప్రశ్న వేసినవారు, పాటలన్నీ చేతిలో ఉండగా యాభై ఏళ్ల కిందటి మాటల కోసం అంత హడావుడి ఎందుకని అడిగారు. పాటలో కళాకారుడు తాను వినిపించదలచుకున్నదే వినిపిస్తాడు. ఎదురుగా ఒకరు కూర్చుని అడుగుతున్నప్పుడు మాత్రం మొహమాటమో, చిరాకో, గర్వమో ఏదో ఒకటి బయటపడక తప్పదు, అభిమానికి కావలసింది అదే. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. నా ఫిర్యాదు వేరు. అభిమానుల్లో నూటికి తొంభై మంది ఆ ఇంటర్వ్యూలో మనిషిని కళ్లారా చూసి మురిసిపోతారు గానీ, అతడు ఆ రోజు అక్కడికి ఏ పని మీద వచ్చాడో పట్టించుకోరు.

మాది కోనసీమ. రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంగ్లీషు రాక్ వినేవాళ్లం పట్టుమని పదిమందిమి కూడా ఉండం. ఉన్నవాళ్లలో ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు జూనియర్ కాలేజీ లెక్చరరు, ఒకరు రొయ్యల మేత డీలరు. మా మేనమామ కొబ్బరికాయల కొట్టు మీద మేడగది ఖాళీగా ఉండటం వల్ల ఆదివారం సాయంత్రాలు అక్కడే చేరుతుంటాం. బీటిల్స్ బృందంలో గిటారు వాయించిన జార్జ్ హారిసన్ అమెరికన్ టెలివిజన్‌లో వ్యాఖ్యాత డిక్ కావెట్‌తో మాట్లాడిన కార్యక్రమాన్ని, 1971 నవంబరు 23న ప్రసారమైనదాన్ని, మేమంతా మొదటినుంచి చివరిదాకా చూసింది ఆ గదిలోనే. అంతకుముందు చూసినవన్నీ రెండేసి నిమిషాల ముక్కలు; ప్రతి ముక్క మీదా ఎక్కించినవాడి పేరు ముద్ర, 'అరుదైన వీడియో' అన్న శీర్షిక, చాలదన్నట్టు వెనక వయొలిన్ ఏడుపు. ఒక సంగీతకారుడు నోరు విప్పి మాట్లాడుతుంటే దాని మీద వేరెవరి సంగీతమో పోయడం ఏం అభిమానమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పటికి బీటిల్స్ విడిపోయి ఏడాదిన్నరే అయింది. ఆ సెప్టెంబరులోనే బీటిల్స్‌లో మరొకడైన జాన్ లెనన్, అతడి భార్య యోకో ఓనో అదే కార్యక్రమానికి వచ్చి వెళ్లారు. బృందం విడిపోవడానికి ఆవిడే కారణమని అభిమానులు చాలామంది ఆడిపోసుకునేవారు. యోకో ఈ కుర్చీలోనే కూర్చుందని కావెట్ అనగానే హారిసన్ ఉలిక్కిపడి లేచినట్టు నటిస్తాడు. మావాళ్లు పగలబడి నవ్వారు. ఆ ముక్కను వెనక్కి తిప్పించి మళ్లీ వేయించారు. మేత డీలరు తన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి అచ్చం అలాగే చేసి చూపించాడు. అక్కడితో ఆపేసినా వాళ్లకు ఆ సాయంత్రం నిండిపోయేదే. కానీ హారిసన్ వచ్చిన పని అది కాదు. ఆ ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్‌తో కలిసి బంగ్లాదేశ్ బాధితుల కోసం తాను జరిపిన కచేరీల రికార్డు ఎంతకీ బయటికి రాలేదు, తయారీ, పంపిణీ ఖర్చుల దగ్గర క్యాపిటల్ రికార్డ్స్ కంపెనీతో బేరం తెగలేదు. దానిని వేరే కంపెనీకి ఇచ్చేస్తాను, కావాలంటే నా మీద దావా వేసుకో భాస్కర్ అంటూ అతడు పిడికిలి ఎత్తుతాడు. ఆ భాస్కర్ ఎవరో కాదు, తిరువనంతపురంలో పుట్టి, ఆ ఏడాదే క్యాపిటల్ అధిపతి అయిన భాస్కర్ మీనన్.

కింద కొబ్బరి దింపు లెక్క చూసుకుని టీ కోసం పైకి వచ్చిన మావయ్య సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరండీ మేస్టారూ ఈయన, భాస్కర్ అంటన్నాడు?" అని లెక్చరర్‌గారిని అడిగాడు.

ఆయన ఓపికగా చెప్పారు. 1970 నవంబరులో మన బంగాళాఖాతంలోనే పుట్టిన తుఫాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, గంగ డెల్టాను ముంచేసిందని, కనీసం 3 లక్షల మంది పోయారని అంచనా అని, మరుసటి మార్చిలో యుద్ధం వచ్చిపడి జనం లక్షలకు లక్షలుగా సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారని, బెంగాలీ అయిన రవిశంకర్ తన సొంతవాళ్ల బాధ చూడలేక అడిగితే శిష్యుడైన ఈ హారిసన్ కచేరీ తలపెట్టాడని వివరించారు. మావయ్య టీ గ్లాసు పక్కన పెట్టి అంతా విని, "ఆయ్, ఇంతకీ ఆ సొమ్ము ఆ జనానికి ముట్టిందాండీ?" అన్నాడు. ఏ పాటలో ఏ గిటారు ఎవరు వాయించారో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మావాళ్లలో ఒక్కరూ వెంటనే నోరు మెదపలేదు.

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా సీమను ఊడ్చేసినప్పుడు ఆయన తోటలో నిలిచిన చెట్ల కన్నా మొవ్వు విరిగి కూలినవే ఎక్కువ. వాటి చోట నాటిన మొక్కలు కాయలివ్వడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఈలోగా పరిహారం కోసం తిరిగితే, కూలిన చెట్లు చూపించమని ఒక కార్యాలయంలో అడిగారట. అప్పటికే ఆ మొద్దులు సగం పొయ్యిలోకి పోయాయి, సగం బోదెల మీద వంతెనలయ్యాయి.

ఆయన ప్రశ్నకు జవాబు ఇది. టిక్కెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు ఆ ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్‌కు చేరాయి. అసలు పెద్ద మొత్తం తెచ్చిపెట్టింది మూడు రికార్డుల ఆల్బమ్. అది అమెరికాలో 1971 డిసెంబరు 20న, అంటే హారిసన్ పిడికిలి ఎత్తిన నెలలోపే వచ్చింది. ఆ పిడికిలికీ ఈ విడుదలకూ సంబంధం లేదంటే నేను నమ్మను. అయితే కచేరీకి ముందే ధార్మిక సంస్థ పేరున ఏర్పాట్లు చేసుకోకపోవడం వల్ల ఆ డబ్బుకు అమెరికా పన్నుల శాఖ అడ్డుపడింది, చాలా భాగం ఏళ్ల తరబడి అలాగే ఇరుక్కుపోయింది. మావయ్య ఇది విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

కాబట్టి ఊగిపోవడం తప్పు కాదు, దేనికి ఊగిపోతున్నామన్నదే నా అభ్యంతరం. ఆ వీడియో కింద జనం రాసే మాటలు చూడండి: జుట్టు బాగుందని, గొంతు బాగుందని, అలాంటి రోజులు మళ్లీ రావని. సాయం డబ్బు గురించి రాసినవాడిని భూతద్దం పెట్టి వెతకాలి. రవిశంకర్ కూడా అదే కార్యక్రమంలో కనిపిస్తారు. మనవాళ్లు సైతం ఆయన వచ్చేసరికి ముందుకు జరిపేస్తారు.

మనవాళ్ల సంగతి వచ్చింది గనుక ఇంకొక్క మాట. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం మాకు కూతవేటు దూరం. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన ఆ మహానుభావుడి పాత సంభాషణ దొరికితే మా కుర్రాళ్లలో ఎంతమంది పూర్తిగా వింటారో పందెం కాయడానికి నాకు ధైర్యం చాలదు.

హారిసన్ ఇంటర్వ్యూ చూడదలచుకున్నవారు ముక్కలు వదిలేసి పూర్తి ప్రతి సంపాదించండి, కుర్చీ హాస్యం దగ్గర ఆగకండి. మా మేడ మీద తర్వాతి వంతు 1997లో ఆయన రవిశంకర్‌తో కలిసి ఇచ్చిన ఇంటర్వ్యూది. మద్రాసులోనూ, ఇంగ్లండులో హారిసన్ ఇంట్లోనూ రికార్డు చేసిన వేదమంత్రాల ఆల్బమ్ గురించి ఇద్దరూ అందులో మాట్లాడతారు. మావయ్య కూడా వస్తానన్నాడు. ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పడానికి లెక్చరర్‌గారు పక్కనే కూర్చోవాలని, మధ్యలో ఎవరూ వెనక్కి తిప్పకూడదని ఆయన షరతు.